పీతలంక విదేశమైన సంగతి

ఇలా జరగండి పిల్లలూ, ఇంకాస్త దగ్గరికి. ఆ ఫోను అవతల పెట్టండి. ఈమధ్య నా గొంతు గుమ్మం దాటి వినపడటం లేదు, నేను చెప్పబోయే సంగతేమో ఏరు దాటి వెళ్లాల్సింది. మన పీతలంక ఒకప్పుడు పరాయి దేశమైపోయింది. ఎవరూ దండెత్తి రాలేదు, తుపాకీ పేలలేదు. సోమిరేవు చర్చి కమిటీవారు ఒక శుక్రవారం సాయంత్రం గ్లాసుడు నీళ్లు తాగి తీర్మానం రాశారు. శనివారం పొద్దున్న మనం లేచేసరికి విదేశీయులం.

నవ్వకండి. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్నే. కానీ చూసింది చూసినట్టు చెప్పడానికి నాలుగో తరగతి అక్కర్లేదు.

మన లంక సంగతి మీకు తెలిసిందే. చుట్టూ గోదారి పాయ, మధ్యలో మన నలభై గడప. పాయకి అటు ఒడ్డున సోమిరేవు. అక్కడ చర్చి గంట కొడితే ఇక్కడ మన కోళ్లు ఉలిక్కిపడతాయి, అంతే దూరం. ఆ చర్చి గోడలకి ఇటుకలు మోసినవాళ్లలో మా మామగారు ఒకరు. పెళ్లిళ్లు అక్కడే, బాప్తిస్మాలు అక్కడే. పోయినవాళ్లని కూడా పడవలో అక్కడి సమాధుల తోటకే తీసుకెళ్లేవాళ్లం. వరదొస్తే మన లంకలో గట్లే నిలవవు, ఇక సమాధులేం నిలుస్తాయి?

ఆ తోటలో మా బావగారు దేవసహాయం అప్పటికి పన్నెండేళ్లుగా పడుకుని ఉన్నారు. ఆయన భార్య శాంతమ్మ నా తోటికోడలు, మీకు పెద్ద నాయనమ్మ. ఆయన పక్కన ఒక మనిషికి సరిపడా చోటు ఉంచమని పాత పాస్టరుగారిని అడిగి ఒప్పించుకుంది. ఆదివారం ఆరాధన కాగానే వెళ్లి ఆ చోట కలుపు పీకి, నీళ్లు చల్లి వచ్చేది.

"ఏంటక్కా, కొత్తిల్లు అలికినట్టు అలుకుతున్నావు?" అంటే,

"మీ బావకి మురికంటే పడదు కదే" అనేది.

ఆ ఏడు ఆగస్టు వరదకి పైనుంచి తాటిమాను కొట్టుకొచ్చి యేసోబు పడవకి తగిలింది. లంకకి ఉన్నది ఆ పడవొక్కటే, అది రెండు చెక్కలైంది. ఆ నెలలోనే అక్క మంచం పట్టింది. కాళ్లు నీరు పట్టి, ఊపిరి బరువై, లేవలేకపోయింది. డాక్టరు మాటలేవీ తనకి అక్కర్లేదు, నన్నొకటే అడిగేది.

"సువార్తా, నన్ను పాయ దాటిస్తావా లేదా?"

"దాటిస్తానక్కా."

"ఎలా దాటిస్తావే, పడవేదీ?"

అందుకని చేపలవాళ్ల దోనెలో ఒంటికాలి మీద నిలబడి సోమిరేవు వెళ్లాను, సంఘాన్ని పడవ అడుగుదామని.

కమిటీ కార్యదర్శి ఎబినేజరు గారు. ఈయనెవరనుకున్నారు? మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు. ఏదో ఆఫీసులో ముప్పయ్యేళ్లు హెడ్ గుమాస్తాగా చేసి రిటైరై వచ్చాడు. ఆఫీసు అతన్ని వదిలింది గాని అతను ఆఫీసుని వదల్లేదు. అన్నానికి రమ్మంటే "పరిశీలించి తెలియజేస్తాము" అనేవాడు.

చర్చిలోకి వెళ్లేసరికి గోడకి తలుపంత ప్రపంచ పటం వేలాడుతోంది. దేశదేశానికీ ఒక ఎర్ర బల్బు. ఒక్కటీ వెలగడం లేదు.

"కరెంటు పోయిందా తమ్ముడూ?"

"విద్యుత్తు కలదు. పరిచర్య లేదు" అన్నాడు. ఆసుపత్రిలో జబ్బు పేరు చెప్పినట్టు చెప్పాడు.

సంగతేంటంటే, పక్క ఊరి సంఘంవాళ్లు ఇలాంటి పటం పెట్టారట. ఏ దేశానికి సాయం పంపితే ఆ దేశం బల్బు వెలుగుతుంది. వాళ్లకి మూడు వెలుగుతున్నాయట. దాంతో మనవాళ్లకి నిద్ర పట్టలేదు. వాళ్లకంటే రెండు జానలు పెద్ద పటం చేయించారు. విదేశ పరిచర్యా విభాగమని బోర్డు రాయించారు. డిసెంబరులో బిషపుగారొచ్చి మొదటి బల్బు స్విచ్చి నొక్కుతారని చీటీలు కూడా అచ్చేయించారు. ఇహ మిగిలింది సాయం చేయడమొక్కటే.

"మా పడవ పోయింది తమ్ముడూ. శాంతమ్మక్క సంగతి నీకు తెలుసు. పాత చెక్కలతో చేసిందైనా సరే, ఒక పడవ ఇప్పించు."

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ విజ్ఞప్తి హృదయవిదారకముగా ఉన్నది అక్కా. కాని నీవు స్థానికురాలవు."

"అవును, ఇక్కడే పుట్టాను. తప్పా?"

"మూడవ తీర్మానము ప్రకారము ఈ సంఘము చేయు ఉపకారమంతయు సముద్రమునకు ఆవల ఉన్నవారికే చెందవలెను. స్థానికులకు చేయునది ఇరుగుపొరుగు వ్యవహారము. దానిని పరిచర్య అనజాలము."

"మరి క్రిస్మస్‌కి విధవరాళ్లకిచ్చే బియ్యం?"

"నిలుపుదల చేయడమైనది. వారు నడిచి వచ్చి తీసుకొనుచున్నారు. నడిచి రాగలవారు విదేశీయులు ఎట్లగుదురు?"

బయటికొచ్చాను. చర్చి ఆవరణలో షామియానా. దాని కింద కొత్త పడవ! రంగు వాసన ఇంకా పోలేదు. పక్కన తెల్లటి అక్షరాలు, కూడబలుక్కుని చదివాను: "లంకవారికి ప్రేమ కానుక." నా గుండె ఒక్క గెంతు గెంతింది.

"ఇది మాదేగా తమ్ముడూ!"

"కాదు కాదు. అది శ్రీలంక. అక్కడ తుపానులో పడవలు కోల్పోయిన సహోదరుల నిమిత్తము."

"'శ్రీ' ఏదీ?"

"స్థలాభావము వలన పెయింటరు తగ్గించెను."

"మరి అంత దూరం ఎలా పంపుతారు?"

"రవాణా అంశము పరిశీలనలో ఉన్నది."

ఎంతకాలంగా పరిశీలనలో ఉందో పడవలోకి తొంగి చూస్తే తెలిసింది. ఎవరిదో కోడి అందులో గుడ్లు పొదిగి, పిల్లల్ని లేపి, వాటికి నడకలు కూడా నేర్పిస్తోంది.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. ఆయాసపడుతూనే నవ్వింది. "'శ్రీ' తీసేసిన లంకంటే మనమేనే పిచ్చిదానా. వెళ్లి అడుగు" అంది.

ఆ మాట పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆ రోజు కమిటీ కూర్చుని ఉంది, అయిదుగురూ తలలు పట్టుకుని ఉన్నారు. రేవుపట్నం ఓడలవాళ్లు ఈ పడవని ఎక్కించుకోలేమని జవాబు రాశారట. డిసెంబరు ముంచుకొస్తోంది. బిషపుగారొచ్చి స్విచ్చి నొక్కితే ఏ బల్బు వెలగాలి? నేను గుమ్మంలో నిలబడి అక్క చెప్పినమాట చెప్పాను. ఎబినేజరు గారు పైకప్పు వంక చూశాడు. పైనుంచేదో దిగింది కాబోలు, ముఖం విచ్చుకుంది.

"లంక అను పదము తీర్మానములో ఉన్నది. లంకలో వీరున్నారు. ఇక మిగిలిన అడ్డంకి ఒక్కటే. మనకు వారికి నడుమ సముద్రము కలదా?"

పాస్టరు కృపావరం అయ్యగారు చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు, గట్టిగా మాట్లాడడు. ఆయన మెల్లగా అన్నారు: "పోటు వేళ పాయలోకి సముద్రం నీళ్లే వస్తాయి కదండీ."

"నిర్ధారణ జరగవలెను" అన్నాడు తమ్ముడు.

నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను. అయిదుగురు పెద్దమనుషులు పంచెలు ఎగ్గట్టుకుని, స్టీలు గ్లాసు పట్టుకుని, పోటు వేళకి రేవులోకి దిగారు. మొదట కార్యదర్శి తాగాడు. ముఖం చేదు మాత్ర మింగినట్టయింది.

"లవణత్వము కలదు. ప్రతిపాదించుచున్నాను. బలపరచువారెవరు?"

బలపరచాలంటే తాగాలి కదా. రెండో ఆయన తాగి బలపరిచి, ఆ పక్కనే వాంతి చేసుకున్నాడు. "ఎవరికైనా అభ్యంతరముందా? అభ్యంతరమున్నవారు రెండు గ్లాసులు సేవించి నిరూపించవలెను" అన్నాడు తమ్ముడు. మిగతా ముగ్గురూ ఒక్కసారే చేతులెత్తారు. ఏకగ్రీవం. గట్టు మీద నిలబడి నేను అడిగాను:

"ఆటు వేళ ఇవే నీళ్లు తియ్యగా ఉంటాయి కదా తమ్ముడూ. అప్పుడు మేమెవరం?"

"ఆ సమయమున కమిటీ సమావేశము కాదు" అన్నాడు.

అలా ఆ శుక్రవారం మనం విదేశమయ్యాం.

పై వారం పరిచర్య బృందం బయల్దేరింది. సోమిరేవు రేవులో వీడ్కోలు ప్రార్థన జరిగింది. కమిటీవాళ్ల భార్యలు కొంగులు కళ్లకద్దుకున్నారు. దోమతెరలు, మలేరియా మాత్రలు, కాచి చల్లార్చిన నీళ్ల బిందెలు, నల్ల కళ్లద్దాలు, అన్నీ ఆ కొత్త పడవలోకి ఎక్కించారు. మీ తాత చుట్ట ముట్టిస్తే సగం కాలేలోపు ఇటు ఒడ్డుకి చేరారు. దిగగానే తమ్ముడు గడియారం చూసుకుని, "ప్రయాణ బడలిక తీరిన పిమ్మట కార్యక్రమము" అని కుర్చీలో కూలబడ్డాడు.

తర్వాత లేచి ఇంగ్లీషులో మాట్లాడాడు. అయ్యగారు పక్కన నిలబడి తెలుగు చెప్పాలట. నేను ఉండబట్టలేక అన్నాను:

"తమ్ముడూ, మీ అమ్మ మా అమ్మకి సొంత చెల్లెలు. నీకు గజ్జొస్తే వేపాకు నూరి ఒళ్లంతా రాసింది నేను. నాతో ఇంగ్లీషేంట్రా?"

అతను నా వంక చూడలేదు. అయ్యగారి వైపు వంగి, "విదేశీ వనిత ఏమనుచున్నది?" అన్నాడు.

అయ్యగారు ఒక్క క్షణం తల దించుకున్నారు. "తమరి చర్మం ఎలా ఉందని అడుగుతున్నారండి."

లంకంతా ఘొల్లుమంది. ఫోటో తీసేవాడొచ్చాడు. "దీనంగా ఉండాలమ్మా, దీనంగా" అంటూ ఒక్కొక్కళ్లనీ సర్దాడు. కొత్త పడవ చూసిన దగ్గర్నుంచీ యేసోబు నోరు మూతపడటం లేదు. పాపం, ఎంత దీనంగా పెట్టినా పళ్లు బయటికే వస్తున్నాయి. చివరికి అతన్ని తీసి గేదె వెనకాల నిలబెట్టారు.

అప్పుడు తీశాడు తమ్ముడు కాగితం.

"'దిగువ వేలిముద్ర వేసిన మేము సోమిరేవు సంఘ సభ్యులము కాము. లంక దేశస్థులము. ఈ కానుకను కృతజ్ఞతతో స్వీకరించుచున్నాము.' ఇంటికొకరు ముద్ర వేయవలెను."

"సభ్యులం కామా? మా మామ మోసిన ఇటుకల మాటేంటి?"

"సభ్యులు లబ్ధిదారులు కాజాలరు. లబ్ధిదారులు సభ్యులు కాజాలరు. పడవ కావలెనా, పేరు కావలెనా?"

"మరి సమాధుల తోటలో అక్క చోటో?"

"అది ఆస్తుల విభాగము. దానిని గూర్చి అడుగుటకు సభ్యులై ఉండవలెను."

నేను కాగితం వెనక్కి తోసేశాను. తోసేసి ఇంట్లోకొచ్చి అక్కకి చెప్పాను. కుక్కి మంచంలో ఎత్తుగా దిండ్లు వేసి కూర్చోబెట్టాం తనని. నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో!

"సభ్యురాలిగా ఉండి పడవ లేకపోతే, ఇక్కడే పాతిపెడతారు. వచ్చే వరదకి కొట్టుకుపోతాను. పరాయిదాన్నై పడవుంటే రేవు దాకా వెళతాను కదా. రేవు దాటాక నువ్వున్నావు. వెయ్యవే ముద్ర."

వేశాను. నా వేలికి అంటిన ఆ సిరా మూడు రోజులు పోలేదు.

డిసెంబరులో బిషపుగారొచ్చారు. మమ్మల్ని కూడా పిలిచారు, చూపించడానికి. ఆయన స్విచ్చి నొక్కారు. పటంలో కిందెక్కడో, సముద్రంలో, మామిడిపిందెలాంటి చోట ఎర్రబల్బు వెలిగింది. చప్పట్లు మోగాయి. మన లంక అంత దూరం జరిగిందని నాకప్పుడే తెలిసింది. పక్క ఊరి కార్యదర్శి ముఖం మాడిపోయింది. ఆ రోజు మా తమ్ముడికి కలిగిన ఆనందం చూస్తే, సాయమంటే ఎవరికి చేస్తారో నాకు బాగా అర్థమైంది.

జనవరి రెండో వారంలో, తెల్లారి మంచు ఇంకా విడవకముందే, అక్క పోయింది. కాఫీ అడిగింది, రెండు గుక్కలు తాగింది, "చల్లారిపోయిందే" అంది. అంతే.

యేసోబు ఆ పడవని కడిగి తుడిచాడు. పెట్టె ఎక్కించాం. లంకంతా పాటలు పాడుతూ పాయ దాటింది. రేవు దాటి, తోట గేటు దగ్గరికొచ్చేసరికి తాళం. దాని ముందు తమ్ముడు, చంకలో నియమావళి పుస్తకం.

"సంతాపము తెలియజేయుచున్నాము. అయితే తొమ్మిదవ నియమము. సభ్యులు కానివారి భూస్థాపనకు ఇచట అనుమతి లేదు."

"ఎవరు సభ్యులు కారురా? ఈమె చేతి అట్లు తిని పెరిగావు నువ్వు!"

"మృతురాలు విదేశీ వనిత. వేలిముద్రలున్నవి. కావలసినచో ఆమె స్వదేశమునకు మేమే సగౌరవముగా సాగనంపుదుము."

పెట్టె మోస్తున్నవాళ్ల భుజాలు వణుకుతున్నాయి. దింపడానికి లేదు, కదలడానికి లేదు. యేసోబు, "గేటు విరగ్గొడదాం అత్తా" అన్నాడు పళ్లు కొరుకుతూ. నేను వద్దన్నాను. గేటు విరగ్గొట్టి దొంగల్లా లోపల పెట్టడానికా అక్క పన్నెండేళ్లు కలుపు తీసింది? అయ్యగారి వంక చూశాను.

"అయ్యా, ఆ పుస్తకంలో తొమ్మిదితోనే అన్నీ అయిపోయాయా?"

ఆయన పుస్తకం అడిగి తీసుకున్నారు. పేజీ తిప్పారు. ఎప్పుడూ గొణిగే మనిషి, ఆ రోజు గేటు అవతలి చెట్ల మీద కాకులు లేచేంత గట్టిగా చదివారు:

"'పదవ నియమము. పరిచర్య పొందిన విదేశీ సహోదరులు గాని సహోదరీలు గాని ఈ సంఘమును దర్శింప వచ్చినయెడల, వారికి సంఘ ఆవరణలో వారు కోరిన చోట బస కల్పించి, తగు మర్యాదలతో ఆదరించవలెను. అతిథి పత్రము నింపవలెను.'"

పత్రమనే మాట వినగానే తమ్ముడి కళ్లు మెరిశాయి. అచ్చేయించి ఏడాదైందట, ఒక్క అతిథి రాలేదు. గబగబా ఆఫీసులోకి వెళ్లి తెచ్చాడు. పెట్టె పక్కనే నిలబడి, కలం మూత తీశాడు.

"అతిథి పేరు?"

"శాంతమ్మ."

"దేశము?"

"నువ్వే చెప్పావుగా, లంక."

"వచ్చిన పని?"

"మొగుడి దగ్గరికి."

"కోరిన బస?"

"రెండో వరసలో, దేవసహాయం గారి ఎడంచేతి పక్క."

అన్నీ రాసుకున్నాడు. ఆఖరి గడి దగ్గర కలం ఆగింది. "తిరుగు ప్రయాణ తేదీ?"

అయ్యగారే చెప్పారు: "ప్రభువు రాకడ దినం."

"అది నిర్దిష్టమైన తేదీ కాదు గదా అయ్యగారూ."

"రాకడ జరుగుతుందో లేదో తెలియదని మీరు సంఘం రిజిస్టర్లో రాస్తానంటే, రాయండి. కింద కార్యదర్శి సంతకం కూడా పెట్టండి."

తమ్ముడికి చెమట పట్టింది, జనవరి మంచులో. చాలాసేపు ఆలోచించి రాశాడు: "తేదీ నిశ్చయము. ఇంకను తెలియపరచబడలేదు."

తాళం తీశారు, మనవాళ్లు గుంట తవ్వారు. అక్కడితో ఊరుకున్నారా? తగు మర్యాదలు ఉండాలిగా. బ్యాండు మేళాన్ని పిలిపించారు. పెట్టె మీద శాలువా కప్పారు. కార్యదర్శిగారు "ఉభయ దేశముల మైత్రి" గురించి పావుగంట మాట్లాడారు. గుంట అంచున నిలబడి నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. అయ్యగారు ప్రార్థన చేశారు. మట్టి వేశాం. అక్క బావ పక్కన పడుకుంది. నా మాట నిలబడింది.

ఆ తర్వాత తమాషా చూడాలి. నెల తిరక్కుండా సోమిరేవు విధవరాళ్లు పదకొండుమంది యేసోబు పడవెక్కి దిగారు. "మాకూ మీ లంకలో ఒక మూల చోటివ్వండమ్మా, మేమూ పరాయివాళ్లమైతే బియ్యమిస్తారేమో" అన్నారు. ఇచ్చాం. పై వారం కమిటీ పదకొండు మూటల బియ్యం పడవలో వేసుకుని, దోమతెరలతో సహా వచ్చి, తమ వీధి ఆడవాళ్లకే దుబాసీని పెట్టుకుని పంచి, ఫోటోలు తీసుకుని వెళ్లింది. తిరుగు ప్రయాణంలో ఆ ఆడవాళ్లు కూడా అదే పడవలో ఇంటికి వెళ్లిపోయారు. అలా రెండేళ్లు నడిచింది.

ఇప్పుడు ఆ కమిటీ లేదు. తమ్ముడూ లేడు. తరవాత వచ్చినవాళ్లు సిగ్గుపడి మన పేర్లన్నీ తిరిగి సంఘం పుస్తకంలో ఎక్కించారు. నేను వెళ్లి అడిగాను, శాంతమ్మ పేరు కూడా ఎక్కించండి బాబూ అని. వెతికారు, పాపం, మంచివాళ్లే. "బతికున్నవాళ్లని చేర్చే ఫారం ఉంది మామ్మగారూ, పోయినవాళ్లని చేర్చే ఫారం లేదు" అన్నారు. రిజిస్టర్లో ఇప్పటికీ అలాగే ఉంది: శాంతమ్మ, లంక దేశస్థురాలు, అతిథి.

అందుకే మిమ్మల్నింత దగ్గరికి పిలిచాను. రాసినవాళ్లు రాసుకున్నారు, దాన్ని దిద్దడం నా వల్ల కాలేదు. మీరు పెద్దయ్యాక, మీ పిల్లల చెయ్యి పట్టుకుని ఆ తోటకి వెళ్లినప్పుడు, రెండో వరసలో ఆగండి. ఈవిడ ఎక్కడినుంచో వచ్చినావిడ కాదు, మన పెద్ద నాయనమ్మ, ఈ ఊరి మనిషి, ఈ చర్చి మనిషి అని చెప్పండి. వాళ్ల చేత మళ్లీ మీకు చెప్పించుకోండి, తప్పు పోకుండా. ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు, ఆవిడ పేరేంటి?